న్యూయార్క్ రెస్టారెంట్ వీక్: టేబుల్ బుక్ చేసే ముందు ఈ లెక్క వేసుకోండి

జనవరి, జులై వచ్చాయంటే మా జెర్సీ వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే ప్రశ్న. రెస్టారెంట్ వీక్‌కి, అంటే పేరున్న రెస్టారెంట్లు ముందే నిర్ణయించిన ఒక్క ధరకి రెండు మూడు ఐటమ్స్ భోజనం పెట్టే ఆఫర్‌కి, మాన్‌హాటన్ వెళ్దామా, డబ్బులు దండగా? నేను కొన్నేళ్లుగా వెళ్తున్నాను. కడుపు నిండా సంతోషంగా తిన్న రోజులున్నాయి, ఉసూరుమంటూ తిరిగొచ్చిన రోజులూ ఉన్నాయి. నన్నడిగితే ఖరీదైన చోటుకి లంచ్‌కి వెళ్లండి, డ్రింక్స్ తాగే అలవాటుంటే డిన్నర్ జోలికి పోకండి, శాకాహారులైతే మెనూ చదవకుండా ఇంట్లోంచి కదలకండి.

ఇది 1992 జులైలో, డెమోక్రాటిక్ పార్టీ మహాసభ న్యూయార్క్‌లో జరిగినప్పుడు మొదలైంది. రెస్టారెంట్ గైడ్ పుస్తకాల టిమ్ జగాట్, రెస్టారెంట్లు నడిపిన జో బామ్ కలిసి ఆ ఏడాది అంకెనే ధరగా పెట్టి 19.92 డాలర్లకి లంచ్ పెట్టించారు. ఇప్పుడు పేరుకే వీక్, మూడు నాలుగు వారాలు నడుస్తుంది, ఏడాదికి రెండుసార్లు. ఈమధ్య ధరలు 30, 45, 60 డాలర్లు అని మూడు రకాలుగా ఉంటున్నాయి. మామూలుగా లంచ్‌కి రెండు ఐటమ్స్, డిన్నర్‌కి మూడు. శనివారాలు సాధారణంగా ఉండదు, ఆదివారం ఆ రెస్టారెంట్ ఇష్టం.

పండగలయ్యాక చలిలో జనం రారు, ఎండాకాలం ఊళ్లో ఉండరు, అలా టేబుళ్లు ఖాళీగా ఉండే రోజుల్లోనే ఈ ఆఫర్ పెడతారు. అందుకే ఎక్కువ చోట్ల మెనూలో చికెన్, సాల్మన్, ఒక పాస్తా, అంటే ఒకేసారి పెద్ద మొత్తంలో సిద్ధం చేసుకోగలిగినవి కనిపిస్తాయి. వాళ్లకి లాభం మిగిలేది ముఖ్యంగా డ్రింక్స్ మీద. ఇది గుర్తుంటే మెనూ చూడగానే సగం విషయం అర్థమైపోతుంది.

ఇక లెక్క. 60 డాలర్ల డిన్నర్ ఇద్దరికి 120. న్యూయార్క్ సిటీలో ట్యాక్స్ 8.875 శాతం, అంటే 10.65. టిప్ 20 శాతం వేస్తే 24. మొత్తం 154.65. ఇద్దరూ చెరో 20 డాలర్ల కాక్‌టెయిల్ తీసుకున్నారనుకోండి, ట్యాక్స్, టిప్ వాటి మీదా పడి 206.20 అవుతుంది. అదే 30 డాలర్ల లంచ్ అయితే, మంచినీళ్లతో సరిపెట్టుకుంటే, మనిషికి 38.66తో బయటపడతారు. మామూలు రోజుల్లో మెయిన్ డిష్ ఒక్కటే ముప్ఫై దాటే చోట ఇది నిజంగా లాభమే.

వెబ్‌సైట్‌లో వాళ్ల మామూలు మెనూ కూడా తెరిచి రెండూ పక్కపక్కన పెట్టుకుని చూడండి. కానీ అన్నీ కూడి "67 డాలర్లది 45కే వస్తోంది" అని మురిసిపోవద్దు, మామూలుగా వెళ్తే మీరు ఏం ఆర్డర్ చేస్తారో అది మాత్రమే కూడండి. మీకు డెజర్ట్ తినే అలవాటే లేకపోతే దాని ధర, ఒక 14 డాలర్లనుకోండి, లాభం కిందకి రాదు. పేరున్న ఐటమ్ రెండు మెనూల్లోనూ ఉంటే కళ్లు మూసుకుని వెళ్లొచ్చు. పక్కన చిన్న అక్షరాల్లో ప్లస్ 15, అంటే ఇంకో 15 డాలర్లు, అని ఉందేమో మాత్రం చూసుకోండి, స్టీక్, పీత లాంటి వాటికి అలా అదనంగా వేస్తారు.

శాకాహారుల సంగతి కాస్త వివరంగా చెప్పాలి. అమ్మ మొదటిసారి వచ్చినప్పుడు మిడ్‌టౌన్‌లో ఒక చోటుకి తీసుకెళ్లాను, 45 డాలర్ల మెనూ. మాంసం కనిపించని మెయిన్ ఒక్కటే, మష్రూమ్ రిసోటో, అంటే పుట్టగొడుగులతో చేసే ఇటాలియన్ అన్నం. అమ్మ రెండు స్పూన్లు తిని "అన్నం పలుకుగా ఉందిరా" అంది. అది అలాగే ఉంటుందమ్మా అని చెప్తూనే ఏదో అనుమానం వచ్చి వెయిటర్‌ని అడిగితే, చికెన్ స్టాక్‌తో, అంటే కోడి ఎముకలు, మాంసం ఉడికించిన నీళ్లతో చేశామన్నాడు. అమ్మ ఒక్క మాటా అనలేదు, స్పూన్ పక్కన పెట్టి గ్లాసుడు నీళ్లు తాగింది. ఇప్పటికీ తలుచుకుంటే బాధేస్తుంది. కాబట్టి బుక్ చేసే ముందే ఫోన్ చేసి స్టాక్ దేనితో, సాస్‌లో చేప ఉందా, డెజర్ట్‌లో గుడ్డు, జంతువుల చర్మం, ఎముకల నుంచి తీసే జెలటిన్ ఉన్నాయా అని పేరుపేరునా అడగండి. వెజిటేరియన్ అన్న ఒక్క మాట చాలదు. ఇంకోటి, పుట్టగొడుగుల ప్లేటుకీ మాంసం ప్లేటుకీ ఒకటే ధర, అక్కడ ఎప్పుడూ నష్టం మనకే.

టేబుల్ దగ్గర కూర్చోగానే రెస్టారెంట్ వీక్ మెనూ కావాలని మీరే అడగండి, ఒక్కోచోట అడిగితే కానీ ఇవ్వరు. బిల్లు వచ్చాక పై నుంచి కింద దాకా చదవండి. ఒకసారి అప్పటికే 20 శాతం గ్రాట్యుటీ, అంటే టిప్పే, వేసి ఉంటే, కింద టిప్ గడి ఖాళీగా ఉంది కదా అని నేను మళ్లీ 20 శాతం రాసి సంతకం పెట్టేశాను. రైలెక్కాక కానీ చూసుకోలేదు. బుకింగ్‌కి కార్డ్ నంబర్ అడిగితే ఎన్ని గంటల ముందు క్యాన్సిల్ చేయాలో కూడా చూసుకోండి, రాకపోతే మనిషికింత అని కోస్తారు.

టేబుల్ మీద అందరూ అదే మెనూ తీసుకోవాలన్న నియమం చాలాచోట్ల ఉండదు, ముందే అడిగితే చెప్తారు. తర్వాతిసారి అమ్మ వచ్చినప్పుడు అదే చేశాం. నేను 30 డాలర్ల లంచ్ తీసుకున్నాను, అమ్మకి మామూలు మెనూలోంచి టమాటా సాస్ పాస్తా చెప్పాం, నా వాటాకి వచ్చిన నిమ్మకాయ టార్ట్ ఇద్దరం పంచుకున్నాం.