పిల్లాడు మోకాలు నొప్పి అంటున్నాడా, తుంటి కూడా చూపించండి

మా అక్క కొడుక్కి 12 ఏళ్లు, కాస్త బొద్దుగా ఉంటాడు. రెండు నెలలు మోకాలు నొప్పి అంటూ కుంటుతుంటే కర్పూరం వేసి కాచిన కొబ్బరినూనె రాశాం, మోకాలికి ఎక్స్‌రే తీయిస్తే బాగానే ఉందన్నారు, బడి ఎగ్గొట్టడానికి నాటకాలని వాణ్ణి తిట్టాం కూడా. తీరా చూస్తే జబ్బు తుంటిలో. తొడ ఎముక పైనున్న బంతి, ఎముక పెరిగే చోట పక్కకి జారింది. తుంటికీ మోకాలికీ కొన్ని నరాలు ఒకటే కాబట్టి అక్కడి నొప్పి ఇక్కడ తెలుస్తుంది. ఇది 10 నుంచి 16 ఏళ్ల మధ్య, బరువు ఎక్కువున్న పిల్లల్లో ఎక్కువ.

పిల్లలు కుంటుతుంటే ముందు అరికాలు చూడండి, ముల్లో గాజుపెంకో ఉండొచ్చు, కొత్త బూట్లు కరిచి ఉండొచ్చు. అదేం లేకపోతే వెల్లకిలా పడుకోబెట్టి, బాగున్న కాలి మోకాలిని మెల్లగా ఛాతీ వైపు మడవండి, నేరుగా వస్తుంది. తర్వాత నొప్పి ఉన్న కాలు. మడుస్తుంటే మోకాలు దానంతటదే బయటికి తిరిగిపోతోందా? అక్కడే ఆపేయండి, బలవంతంగా వంచొద్దు. ఇక అడుగు వేయనివ్వకుండా అదే రోజు ఎముకల డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లి, రెండు తుంటి కీళ్లకీ ఎక్స్‌రే తీయమని మీరే అడగండి. బంతి ఇంకా జారకుండా స్క్రూ వేస్తారు, ఆలస్యమైన కొద్దీ కష్టం.

జ్వరం ఉండి, కాలు కింద పెట్టనివ్వకపోతే మాత్రం తెల్లారేదాకా ఆగొద్దు. కీలులో చీము పడితే కొద్ది రోజుల్లోనే కీలు పాడైపోతుంది. చిన్నపిల్లల్లో జలుబు తగ్గాక తుంటిలో వాపు వచ్చి వారం పది రోజుల్లో దానంతటదే పోవడం మామూలే, కానీ ఏది ఏదో తేల్చాల్సింది డాక్టరే. 4 నుంచి 8 ఏళ్ల వాళ్లు వారాల తరబడి కుంటుతుంటే తుంటి బంతికి రక్తం సరిగా అందట్లేదేమో చూస్తారు.

ఆటలాడే పిల్లల్లో కొందరికి మోకాలిచిప్ప కింద ఎముక మీద బుడిపెలా లేచి, వేలితో నొక్కితే అరిచేంత నొప్పి ఉంటుంది. దానికి పరుగులు, గెంతులు కొన్నాళ్లు తగ్గించి ఐస్ పెడితే చాలావరకు సర్దుకుంటుంది.

ఎదిగే నొప్పులైతే రాత్రిపూట రెండు కాళ్లూ లాగుతాయి, ఒత్తితే హాయిగా ఉంటుంది, పొద్దున్నే మామూలుగా పరిగెడతారు. ఒక్క కాలే నొప్పి అన్నా, పగలు కుంటినా అవి ఎదిగే నొప్పులు కావు. మనిషి పాలిపోయి, బరువు తగ్గి, ఒంటి మీద ఊరికే కమిలిన మచ్చలు కనిపిస్తే రక్తపరీక్ష కూడా చేయించండి.