ప్రాసెసర్‌కు కరెంటు, 4వ పాఠం: స్విచ్ వేసి తీసే చిప్

పోయిన పాఠంలో 7805 అనే రెగ్యులేటర్ చిప్ (వోల్టేజీని తగ్గించి, నిలకడగా ఉంచేది) పెట్టి 12 వోల్టుల అడాప్టర్ నుంచి 5 వోల్టులు తీశాం. 1 ఆంపియర్ లోడు పెట్టగానే హీట్‌సింక్ (చిప్ వేడిని లాగి గాలిలోకి వదిలే లోహపు ముక్క) ముట్టుకోలేనంత కాలింది. నాతో పాటు ఈ ప్రయోగాలన్నీ చేస్తున్న మా అక్క కొడుకు, "ఇంకా పెద్ద హీట్‌సింక్ పెడదాం మామా, 7805 ఉండంగ వేరే చిప్ ఎందుకు?" అన్నాడు. మంచి ప్రశ్న. ముందు దీని సంగతి చూద్దాం.

7805 దారికి అడ్డంగా నిలబడి, ఎక్కువైన వోల్టేజీని వేడిగా మార్చేస్తుంది. 12లో 5 పోతే 7. ఆ 7 వోల్టులను 1 ఆంపియర్‌తో గుణిస్తే 7 వాట్ల వేడి. మీ బోర్డుకు అందేది 5 వాట్లే. ఇదే పద్ధతి డెస్క్‌టాప్ ప్రాసెసర్‌కు పెట్టి చూడండి. దానిలో లెక్కలు చేసే భాగానికి, అంటే కోర్‌కు, కావలసింది సుమారు 1 వోల్టు. 65 వాట్లు తీసుకుంటోందంటే ఆ 1 వోల్టు దగ్గర 65 ఆంపియర్లు లాగుతోందన్నమాట. మిగిలిన 11 వోల్టులూ వేడి కావాలంటే 11 × 65, అంటే 715 వాట్లు. ఇస్త్రీ పెట్టెను కేబినెట్‌లో పెట్టి మూత వేసినట్టే. అసలే మే నెల, మన ఊళ్లో ఎండ 40 డిగ్రీలు దాటుతోంది. ఎంత పెద్ద హీట్‌సింక్ అయినా చాలదు.

కాబట్టి అడ్డంగా నిలబడటం మానేసి, స్విచ్ వేసి తీయాలి. స్విచ్ పూర్తిగా వేసి ఉన్నప్పుడు దాని మీద వోల్టేజీ దాదాపు ఉండదు, తీసి ఉన్నప్పుడు దానిలోంచి కరెంటు పోదు. రెండు సందర్భాల్లోనూ వేడి బాగా తక్కువ. దీన్నే బక్ కన్వర్టర్ అంటారు.

కోఠి గుజరాతీ గల్లీలో ఏ కాంపొనెంట్ల షాపులో అడిగినా "ఎల్‌ఎం 2596 మాడ్యూల్" అంటే తీసి ఇస్తారు. బక్ కన్వర్టర్ చిప్‌ను, దానికి కావలసిన భాగాలను కలిపి పెట్టిన చిన్న బోర్డు అది. మెట్రోలో వెళ్లేవాళ్లు సుల్తాన్ బజార్‌లో దిగి నడవొచ్చు. దాంతో పాటు 4.7 ఓమ్, 10 వాట్ల సిమెంట్ రెసిస్టర్ ఒకటి తెచ్చుకోండి. మాడ్యూల్ అగ్గిపెట్టెంత ఉంటుంది. దాని మీద ఐదు కాళ్ల నల్ల చిప్, నల్లటి చతురస్రపు కాయిల్, చిన్న డయోడ్ (కరెంటును ఒకవైపే పోనిచ్చేది), రెండు కెపాసిటర్లు (కాస్త కరెంటు దాచుకుని, అవసరమైనప్పుడు ఇచ్చేవి), ఇత్తడి స్క్రూ ఉన్న నీలం పెట్టె కనిపిస్తాయి. కాయిల్ మీద 470 అని ఉంటే 47 మైక్రోహెన్రీలు (కాయిల్ కరెంటు మార్పును ఎంత అడ్డుకుంటుందో చెప్పే కొలత), 330 అని ఉంటే 33.

చిప్ లోపలి స్విచ్ సెకనుకు 1,50,000 సార్లు వేసి తీస్తుంది. ఒక్కో చుట్టుకు 6.7 మైక్రోసెకన్లు. 12 నుంచి 5 కావాలంటే ఆ సమయంలో సుమారు 42 శాతం, అంటే 2.8 మైక్రోసెకన్లు స్విచ్ వేసి ఉంచాలి. 5ను 12తో భాగిస్తే వచ్చేది అదే. డయోడ్‌లో, స్విచ్‌లో కొంత పోతుంది కాబట్టి నిజానికి ఇంకొంచెం ఎక్కువసేపు ఉంచుతుంది.

మరి స్విచ్ తీసిన సమయంలో మీ బోర్డుకు కరెంటు ఎక్కడి నుంచి వస్తుంది? నాకు బాగా నచ్చే భాగం ఇదే. కుట్టుమిషన్ తొక్కడం ఆపినా చక్రం కాసేపు తిరుగుతూనే ఉంటుంది చూడండి, కాయిల్‌లో కరెంటుదీ అదే స్వభావం. ఒక్కసారిగా ఆగదు. స్విచ్ తీయగానే కాయిల్ తనలో దాచుకున్న శక్తితో, డయోడ్ దారిలో కరెంటును తోస్తూనే ఉంటుంది. అది మెల్లగా తగ్గుతూ ఆగిపోయేలోపు స్విచ్ మళ్లీ పడుతుంది. మిగిలిన ఎగుడుదిగుడులను కెపాసిటర్ చదును చేస్తుంది.

ఎంతసేపు వేసి ఉంచాలో చిప్‌కు తెలియాలంటే ఔట్‌పుట్‌ను అది చూస్తుండాలి. ఐదు కాళ్లలో ఒకటి ఫీడ్‌బ్యాక్ కాలు. చిప్ లోపల 1.23 వోల్టుల స్థిరమైన కొలత ఒకటి ఉంటుంది. ఔట్‌పుట్‌ను రెండు రెసిస్టర్లతో భాగించి ఈ కాలికి ఇస్తారు. అక్కడ 1.23 కంటే తగ్గితే స్విచ్ ఎక్కువసేపు, పెరిగితే తక్కువసేపు. కింది రెసిస్టర్ 1 కిలో ఓమ్ అయితే, 5 వోల్టులకు పై రెసిస్టర్ 3.07 కిలో ఓమ్‌లు ఉండాలి. 1.23ను 4.07తో గుణించి చూసుకోండి, 5 వస్తుంది. నీలం పెట్టె మీది ఇత్తడి స్క్రూ తిప్పితే మారేది ఆ పై రెసిస్టరే.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. మొదటిసారి నేను కొత్త మాడ్యూల్‌ను తిన్నగా మైక్రోకంట్రోలర్ బోర్డుకు కలిపేశాను. స్క్రూ ఎక్కడ ఉందో చూడలేదు. ఔట్‌పుట్‌లో 11 వోల్టుల పైన ఉంది. చిన్న చిటపట శబ్దం, కాలిన వాసన, అంతే, బోర్డు పోయింది. తప్పు పూర్తిగా నాదే. మీరు మాత్రం ఔట్‌పుట్‌కు ఏదీ కలపకుండా, మీటర్ పెట్టి, 5.00 చూపించేదాకా స్క్రూ తిప్పండి. మొదట్లో చాలా చుట్లు తిప్పినా అంకె కదలదు. పాడైందనుకోకండి, ఓపిగ్గా తిప్పుతూ ఉండండి.

ఇప్పుడు ప్రయోగం. మామూలు సన్నటి జంపర్ వైర్లతో సిమెంట్ రెసిస్టర్‌ను ఔట్‌పుట్‌కు కలపండి. 1 ఆంపియర్ పైనే పోతుంది. రెసిస్టర్ బాగా వేడెక్కుతుంది కాబట్టి టైల్ ముక్క మీద పెట్టండి, చేత్తో ముట్టుకోవద్దు. మీటర్‌తో మొదట మాడ్యూల్ కాళ్ల దగ్గర కొలవండి, దాదాపు 5 వోల్టులే ఉంటుంది. తర్వాత రెసిస్టర్ కొసల దగ్గర కొలవండి. అక్కడ తక్కువ! ఒక్కో వైరులో 0.1 ఓమ్ ఉందనుకుంటే రెండింటికీ కలిపి 0.2 వోల్టులు దారిలోనే పోయాయి. చిప్‌కు ఆ సంగతే తెలియదు, తన కాళ్ల దగ్గర 5 ఉంది కాబట్టి అంతా బాగుందనుకుంటోంది.

ప్రాసెసర్ దగ్గర ఈ ఇబ్బంది ఎన్నో రెట్లు పెరుగుతుంది. దారిలో 1 మిల్లీ ఓమ్ ఉన్నా చాలు, 65 ఆంపియర్లకు 0.065 వోల్టులు పోతాయి. 1 వోల్టులో అది ఆరున్నర శాతం. అందుకే మదర్‌బోర్డు మీద రెగ్యులేటర్‌ను ప్రాసెసర్ సాకెట్‌ను ఆనుకునే పెడతారు. కంప్యూటర్ పవర్ సప్లై నుంచి అక్కడిదాకా 12 వోల్టులే వస్తాయి, అదే 65 వాట్లకు వైర్లలో ఐదున్నర ఆంపియర్లు పోతే చాలు. పైగా కరెంటు మోయని రెండు సన్నటి గీతలు వేసి, వోల్టేజీని ప్రాసెసర్ దగ్గరే కొలుస్తారు. మన ప్రయోగంలో ఫీడ్‌బ్యాక్‌ను మాడ్యూల్ కాళ్ల దగ్గర కాకుండా రెసిస్టర్ కొసల నుంచి తీసుకున్నట్టు.

పాత మదర్‌బోర్డు దొరికితే సాకెట్ చుట్టూ చూడండి. చతురస్రపు కాయిల్స్ వరుసగా ఉంటాయి. వాటి మీద ఆర్22 అని ఉంటే 0.22 మైక్రోహెన్రీలు, మన 47తో పోలిస్తే ఎంత చిన్నవో! ఒక్కటే 65 ఆంపియర్లు మోయలేదు కాబట్టి నాలుగో, ఆరో పెట్టి పంచుతారు. నాలుగైతే ఒక్కోదానికి 16 చొప్పున. వాటి స్విచ్‌లు ఒకేసారి కాకుండా ఒకదాని తర్వాత ఒకటి పడతాయి, దాంతో ఎగుడుదిగుడులు ఒకదాన్నొకటి చెరిపేసుకుంటాయి.

ఇక్కడ ఇత్తడి స్క్రూ ఉండదు. తనకెంత వోల్టేజీ కావాలో ప్రాసెసరే అంకెల్లో రెగ్యులేటర్‌కు చెబుతుంది. పని లేనప్పుడు తగ్గించమంటుంది. ఖర్చయ్యే పవర్ వోల్టేజీ వర్గంతో పాటు మారుతుంది కాబట్టి, వేగం మార్చకుండానే 1 వోల్టును 0.9 చేసినా 19 శాతం మిగులుతుంది. ఇంటెల్ 2013లో వచ్చిన హ్యాస్వెల్ ప్రాసెసర్లలో ఈ రెగ్యులేటర్‌లో చివరి దశను ప్రాసెసర్ లోపలికే తీసుకెళ్లింది.

నిద్రలో ఉన్న ప్రాసెసర్ ఒక్కసారిగా లేచి కరెంటు లాగితే, రెగ్యులేటర్ తేరుకునేలోపు ఆ లోటు తీర్చేది దాని పక్కనున్న కెపాసిటర్లే. అది 5వ పాఠం. అబిడ్స్ జగదీశ్ మార్కెట్ నుంచి పాడైన ఫోన్ బోర్డు ఒకటి తెచ్చి పెట్టాను. అందులో పవర్ చిప్ చుట్టూ ఇసుక రేణువుల్లాంటి కెపాసిటర్లు కనిపిస్తున్నాయి, అవి చూస్తూ మాట్లాడుకుందాం. ఈలోపు సన్నటి వైర్లు తీసేసి, లావు వైర్లు పొట్టిగా కోసి సోల్డర్ చేసి, అవే రెండు చోట్ల మళ్లీ కొలవండి. నాలుగు అంకెలూ నోట్‌బుక్‌లో రాసి ఉంచండి, వాటితో పని ఉంది.