సోలిన మనిషిని లేపకండి: కార్తీకం ముందు పళ్ల క్లినిక్ అసిస్టెంట్లకు జాగ్రత్తలు

శ్రీకాకుళం వైపు ఒక చిన్న ఊళ్లో మొన్న జరిగింది. ఎక్కడ, ఎవరు అన్నది అనవసరం. నడివయసావిడ కింది దవడ పన్ను తీయించుకోడానికి వచ్చింది. మత్తు సూది పడింది. తిమ్మిరి ఎక్కేలోపు డాక్టరుగారు పక్క గదిలో ఎక్స్‌రే చూసుకుంటున్నారు. "ఏటోలాగుంది బాబూ, కళ్లు బైర్లు కమ్మతన్నాయి" అందావిడ. అసిస్టెంటు కుర్రాడు కంగారులో చెయిర్ నిటారుగా లేపాడు. ఇంకో అమ్మాయి గ్లాసుతో నీళ్లు పట్టింది. తల వాలిపోయింది. గాలి తగిలితే తేరుకుంటుందని ఇద్దరూ చెరో రెక్కా పట్టుకుని వరండాలోకి నడిపించబోయారు. గుమ్మం దగ్గరే కాళ్లూ చేతులూ కొట్టుకున్నాయి. "ఫిట్సు" అని ఎవరో చేతిలో తాళాలు పెట్టారు. తాగించిన నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోయాయి. వారం రోజులు ఆస్పత్రిలో ఉండి బతికి బయటపడింది.

మత్తుమందు వికటించిందని ఊరంతా అనుకుంది. మందు తప్పేమీ లేదు. ఆ కుర్రాడు నా దగ్గర పని నేర్చుకున్నవాడే. ఆ రాత్రి ఫోన్ చేసి "అక్కా, లేపితే మంచిదనుకున్నాను" అని ఏడ్చాడు. విజయనగరంలో 18 ఏళ్లుగా చెయిర్ పక్కన నిలబడుతున్నాను. ఇదే తప్పు ఎన్నిసార్లు చూశానో లెక్క లేదు. అదృష్టం బాగుండి చాలాసార్లు ఏమీ కాలేదు, అంతే.

గ్లవ్స్, స్టెరిలైజేషన్, సూది పారేసే డబ్బా గురించి మీకు నేను చెప్పక్కర్లేదు. కార్తీకం వస్తోంది కాబట్టి ఈ ఒక్క మాట చెబుతున్నాను. సోమవారం నక్షత్రం చూసేదాకా మంచినీళ్లు కూడా ముట్టనివాళ్లు, నాగుల చవితికి పుట్టలో పాలు పోసి అట్నుంచి అటే వచ్చేవాళ్లు, తెల్లారుజామున చన్నీళ్ల స్నానం చేసి ఒంటిపూట తినే అయ్యప్ప స్వాములు, అందరూ ఇదే నెలలో మన చెయిర్ ఎక్కుతారు. కడుపు ఖాళీ, ఒంట్లో నీరు తక్కువ, పైన సూది భయం. సోలిపోడానికి ఇంకేం కావాలి?

లేపితే ఎందుకు తప్పో తెలియాలంటే గుండె, నరాల సంగతి కాస్త తెలియాలి. గుండె కుడి కర్ణికలో, అంటే కుడి పై గదిలో, పైభాగాన, ఎస్.ఏ. నోడ్ అని చిన్న కణాల ముద్ద ఉంటుంది. కొట్టుకోమని గుండెకి చెప్పేది అదే. దాని మానాన వదిలేస్తే నిమిషానికి 100 దాకా కొట్టిస్తుంది. ఊరికే కూర్చున్న మనిషికి 70, 75 ఉంటోందంటే వేగస్ అనే పదో కపాల నరం బ్రేకు మీద కాలు ఆనించి ఉంచిందన్నమాట. అది మెదడు కాండంలో పుట్టి మెడలో కెరోటిడ్ ధమని పక్కనుంచే గుండెకి దిగుతుంది. మనం తిమ్మిరెక్కించే దవడ నరం ఐదోదైన ట్రైజెమినల్ కొమ్మ. ఈ రెండు నరాల కేంద్రాలూ మెదడు కాండంలో ఇరుగూ పొరుగూ. దవడలో నొప్పి పుడితే గుండె నెమ్మదించడంలో వింతేమీ లేదు.

సూది చూడగానే ముందు సింపథటిక్ నరాలు యాక్సిలరేటర్ తొక్కుతాయి. గుండె దడదడలాడుతుంది, పరిగెత్తడానికి సిద్ధంగా కండరాల్లో రక్తనాళాలు విచ్చుకుంటాయి. మనిషి మాత్రం పరిగెత్తడు, చెయిర్‌లో బిగుసుకుని కూర్చుంటాడు. నడిస్తే పిక్కలు పిండి రక్తాన్ని పైకి తోసేవి. ఇప్పుడది కాళ్లలోనే నిలిచిపోతుంది. ఆ మీదట వేగస్ ఒక్కసారిగా బ్రేకు నొక్కుతుంది. 80 ఉన్న నాడి 45కో 40కో పడుతుంది, బీపీ దాంతోపాటే.

కూర్చున్న మనిషికి మెదడు గుండెకంటే ఇంచుమించు 30 సెంటీమీటర్లు ఎత్తున ఉంటుంది. అంత ఎత్తు ఎక్కడానికే ఇంచుమించు 23 మిల్లీమీటర్ల ప్రెషర్ ఖర్చవుతుంది. బీపీ బాగున్న రోజున అది లెక్కలోకి రాదు. పడిపోయినప్పుడు అదే ప్రాణాల మీదికి తెస్తుంది. వోల్టేజీ లేనప్పుడు మోటారు వేస్తే నీళ్లు మేడ మీద ట్యాంకుకి ఎక్కవు కదా, అలాగే. అప్పుడు ట్యాంకునే కిందికి దించాలి. మెదడుకి రక్తం ఆగితే 6 నుంచి 10 సెకన్లలో స్పృహ పోతుంది. ఇంకాసేపు ఆగితే కాళ్లూ చేతులూ కొట్టుకుంటాయి. అది మూర్ఛ రోగం కాదు, రక్తం అందని మెదడు చేసే గోల. నిలబెట్టి పట్టుకుంటే ఆ గోల పెరుగుతుంది. కింద పడితే ప్రకృతే మనిషిని పడుకోబెట్టి బాగుచేస్తుంది. మనం మధ్యలో రెక్కలు పట్టుకుని దాన్ని ఆపుతున్నాం.

అందుకే, సోలినవాళ్లని లేపకండి. పడుకోబెట్టండి, కాళ్లు ఎత్తండి.

చెయిర్ ఎక్కకముందు

ఏమైనా తిన్నారా అని అడగొద్దు, "ఆఁ" అనేస్తారు. ఏం తిన్నారు, ఎన్నింటికి తిన్నారు అని అడగండి. ఉపవాసమంటే, అత్యవసరం కాకపోతే, డాక్టరుగారికి చెప్పి ఇంకో రోజుకి మార్పించండి. షుగర్ మాత్రలు వేసుకుని తినకుండా వచ్చినవాళ్లయితే గ్లూకోమీటర్ ముందు, చెయిర్ తర్వాత.

కూర్చోగానే నాడి పట్టుకుని లెక్కపెట్టి కార్డు మీద రాయండి. మామూలుగా ఎంతో తెలియకపోతే పడిపోయినప్పుడు ఏం పోల్చుకుంటారు?

కిడ్నీ జబ్బులు ఎక్కువున్న ఉద్దానం నుంచి, అంటే కవిటి, సోంపేట, కంచిలి, పలాస వైపు నుంచి వచ్చినవాళ్లని కిడ్నీ సంగతి విడిగా అడగండి. డయాలిసిస్ ఫిస్ట్యులా, అంటే డయాలిసిస్ సూదుల కోసం ధమనినీ సిరనీ కలిపిన నాళం, ఉన్న చేతికి బీపీ పట్టీ చుట్టొద్దు, ఆ నాళం మూసుకుపోతే వాళ్ల బతుకే ఆగుతుంది. డయాలిసిస్ ఏ రోజు అయిందో కనుక్కోండి. అందులో రక్తం గడ్డకట్టకుండా హెపారిన్ వాడతారు కాబట్టి అదే రోజు పన్ను తీస్తే రక్తం ఆగడం కష్టం.

తలనొప్పికో, గాబరాకో ప్రొప్రనలాల్ వాడుతున్నారేమో చూడండి. అది గుండె మాత్ర అని వాళ్లకి తెలియదు, అందుకే చెప్పరు. దానిమీద మన మత్తుమందులో కలిసి ఉండే అడ్రినలిన్ పడితే బీపీ ఎగిరి నాడి పడిపోవచ్చు.

సూది పడేటప్పుడు

నిటారుగా కూర్చున్న మనిషికి సూది వెయ్యనివ్వకండి. చెయిర్ ముందే వాల్చి ఉంచితే సగం గొడవ ఉండదు. కింది దవడ బ్లాక్‌లో, అంటే ఆ దవడ నరాన్ని తిమ్మిరెక్కించే సూదిలో, నరం పక్కనే ధమనీ సిరా ఉంటాయి. అందుకే డాక్టరుగారు పిస్టన్ వెనక్కి లాగి చూస్తారు. రక్తం కనిపిస్తే గట్టిగా చెప్పండి, మొహమాటం వద్దు. మందు నిమిషానికి ఒక మి.లీ. చొప్పున మెల్లగా పోవాలి, గడియారం మీరు చూడండి.

ఎన్ని మి.లీ. పోయిందో పైకి లెక్క చెప్పండి. మన మత్తుమందు 2 శాతం లిగ్నోకెయిన్ అంటే మి.లీ.లో 20 మి.గ్రా. 1:80,000 అడ్రినలిన్ అంటే మి.లీ.లో 12.5 మైక్రోగ్రాములు. గుండె జబ్బున్నవాళ్లకి అడ్రినలిన్ హద్దు 40 మైక్రోగ్రాములు. 1.8 మి.లీ. కార్ట్రిడ్జ్‌లో 22.5 ఉంటుంది, రెండోది పూర్తవకముందే గీత దాటిపోతారు. 30 మి.లీ. వయల్‌లోంచి సిరంజిలోకి లాగే చోట్ల ఈ లెక్క ఎవరూ పెట్టుకోరు. మీరు పెట్టుకోండి.

సూది పడ్డాక గది వదలొద్దు. డాక్టరుగారు వెళ్లినా మీరు వెళ్లొద్దు.

ఇక్కడినుంచి వరసగా చెబుతాను, విడదీసి చెప్పే ఓపిక లేదు.

పై పెదవి మీద చెమట, ఆవలింత, మొహం పాలిపోవడం, వికారం. ఇందులో ఒకటి కనిపించినా చెయిర్ వాల్చండి. "పర్లేదు" అని వాళ్లన్నా వాల్చండి.

నోట్లో దూది, పనిముట్లు ముందు తీసెయ్యండి. సక్షన్ చేతిలో ఉండాలి.

తల కింద దిండు పెట్టొద్దు. తలా గుండే ఒకే మట్టాన, కాళ్లు కాస్త ఎత్తున.

నీళ్లు పట్టొద్దు. సోడా, కాఫీ, గ్లూకోజు, ఏదీ నోట్లో పొయ్యొద్దు. స్పృహ లేనివాళ్లకి మింగడం రాదు.

లేపొద్దు.

వాంతి వచ్చేలా ఉంటే మనిషిని మొత్తంగా పక్కకి తిప్పండి.

నాడి చూడండి. నెమ్మదిగా ఉంటే వేగస్ పని. వేగంగా ఉండి దడగా ఉందంటే, మనిషి మాట్లాడుతుంటే, అడ్రినలిన్ తాకిడి, ఐదు నిమిషాల్లో తగ్గుతుంది. వేగంగా ఉండి చెమటలు పడుతుంటే షుగర్ చూడండి. దద్దుర్లు, పిల్లికూతలు, నాలుక వాపు అయితే అలర్జీ: డాక్టరుగారిని కేకేసి, అడ్రినలిన్ ఆంప్యూల్ విరిచి ఇవ్వండి, తొడ కండకి వెయ్యాలి. నాలుక మీద లోహపు రుచి, చెవుల్లో హోరు, తికమక మాటలు అయితే మందు రక్తంలోకి ఎక్కువ పోయింది.

మణికట్టు దగ్గర అందకపోతే మెడ దగ్గర చూడండి. ఒక పక్కే. రెండు పక్కలా నొక్కితే నాడి ఇంకా పడుతుంది.

10 సెకన్లు చూసినా నాడి లేదు, ఊపిరి లేదు: 108, సీపీఆర్. చెయిర్ చదునుగా చేసి వీపు భాగం కింద స్టూలు దూర్చండి, లేకపోతే మీరు నొక్కే బలమంతా చెయిర్ ఊగడానికే పోతుంది. నిమిషానికి 100 నుంచి 120. స్టూలు ఎక్కడుందో ఇప్పుడే చూసి పెట్టుకోండి.

పడుకోబెట్టకూడనివాళ్లు ఇద్దరే: ఛాతీ నొప్పి అనేవాళ్లు, ఊపిరాడక స్పృహతో ఉన్నవాళ్లు. వాళ్లని సగం వాలుగా కూర్చోబెట్టండి. నెలలు నిండుతున్న గర్భిణిని ఎడమ పక్కకి తిప్పి పడుకోబెట్టండి, వెల్లకిలా పడుకుంటే గర్భసంచి బరువుకి పెద్ద సిర నలిగి గుండెకి రక్తమే రాదు.

ఛాతీ నొప్పికి నాలుక కింద సార్బిట్రేట్ పెట్టేముందు మగవాళ్లని సిల్డెనాఫిల్ (వయాగ్రా) వేసుకున్నారా అని చెవిలో అడగండి. భార్య ముందు అడిగితే చస్తే చెప్పరు.

స్టెంటు వేసుకున్నవాళ్లకి రక్తం పలచబడే మాత్ర ఆపమని ఫోన్‌లో మీరు చెప్పొద్దు. ఆ మాట డాక్టరే చెప్పాలి.

సూది పడ్డాక మొహం ఒక పక్క జారి కన్ను మూతపడకపోతే పక్షవాతమని కేకలు పెట్టొద్దు. మందు చెవి ముందుండే పెరోటిడ్ గ్రంథిలోకి పోయి, మొహం కండరాల్ని కదిలించే ఏడో నరం తిమ్మిరెక్కి ఉండొచ్చు. డాక్టరుగారికి చూపించండి, కంటికి పట్టీ వెయ్యండి.

తాళాలు పెట్టొద్దు. ఉల్లిపాయ వాసన చూపించొద్దు. చెంపల మీద కొట్టొద్దు. చుట్టూ మూగిన చుట్టాల్ని బయటికి పంపండి, అమ్మనో అత్తనో ఒక్కరిని ఉంచండి.

పడుకోబెట్టిన నిమిషం, రెండు నిమిషాల్లో తెలివి రాకపోతే అది ఉత్త సోలడం కాదు. 108కి చెయ్యండి.

తెలివి రాగానే "లెగండి, లెగండి" అనొద్దు. 10, 15 నిమిషాలు అలాగే ఉంచండి. తర్వాత చెయిర్ మూడు విడతల్లో లేపండి, ప్రతి విడతకీ నాడి చూడండి. రెండోసారి సోలేది ఇక్కడే.

బండి మీద ఒంటరిగా పంపొద్దు. ఇంటినుంచి మనిషి వచ్చేదాకా కూర్చోబెట్టండి.

మళ్లీ కళ్లు తిరుగుతున్నాయంటే, కూర్చోబెట్టొద్దు. పడుకోబెట్టండి.