రాడార్ సైట్‌లో ఉద్యోగమా? ‘రెండు నిమిషాలే’ అంటూ తలుపు తీయకండి

2024 ఆగస్టులో కెనడా ఉత్తర ప్రాంతమైన నునావుట్‌లోని బ్రెవూర్ట్ ద్వీపంలో రాడార్ స్టేషన్ ఉద్యోగి ఒకరిని రెండు ధ్రువపు ఎలుగుబంట్లు చంపేశాయి. అంతకుముందు ఏడాది జనవరిలో అలాస్కాలోని వేల్స్ అనే చిన్న ఊళ్లో ఒక తల్లి, ఏడాది బిడ్డ ఎలుగు దాడిలోనే పోయారు. టిన్ సిటీ రాడార్ కేంద్రం ఆ ఊరికి దగ్గర్లోనే ఉంటుంది. వంటకో, కరెంటు పనికో, రిపేర్లకో కాంట్రాక్టు మీద అటు వెళ్తున్న మనవాళ్ల కోసం ఈ నాలుగు మాటలు. స్వెట్టర్లు తీసుకెళ్లమని నేను చెప్పక్కర్లేదు.

అక్కడ చెట్టన్నది ఉండదు. రాళ్లు, నాచు, కింద సముద్రం, గుట్ట మీద రాడార్‌ను కప్పే తెల్లటి డోమ్. అంతా బయలే కాబట్టి ఏదొచ్చినా దూరం నుంచే కనిపిస్తుందనుకుంటాం. కనిపించదు. పెద్ద బండరాళ్ల వెనకాల, కంటైనర్ల మధ్య, ఆయిల్ ట్యాంకుల చాటున ఎలుగు పడుకుని ఉంటే పక్కకు వెళ్లేదాకా తెలియదు. సముద్రం మీది మంచు కరిగితే సీల్స్‌ను వేటాడే చోటు పోయి అవి ఒడ్డుకు చేరతాయి. మళ్లీ గడ్డకట్టేదాకా అక్కడే తిరుగుతాయి. సైట్‌లో పనులు జోరుగా సాగేదీ ఆ నెలల్లోనే.

నేను చూసినంతలో మనుషులను ముంచే తప్పు ఒక్కటే. ఒంటరిగా, ‘రెండు నిమిషాలే కదా’ అనుకుంటూ బయటికెళ్లడం. కాళ్లకు చెప్పులు, ఒంటి మీద హుడీ, చెవిలో ఇయర్‌ఫోన్. గాలి తగలకుండా గోడవైపు తిరిగి ఇంటికి వీడియో కాల్. వీపంతా గుట్టవైపు! అటు అమ్మ ‘తిన్నావా నాన్నా’ అని అడుగుతుంటే వెనక రాయి కదిలినా వినబడదు. షిఫ్టుకు వెళ్లేటప్పుడు అందరూ జాగ్రత్తగానే ఉంటారు. ఈ రెండు నిమిషాల దగ్గరే ఏమరుపాటు.

ఉద్దానం జీడితోటల్లో ఎలుగు ఎక్కువగా బెదిరి మీద పడుతుంది. ధ్రువపు ఎలుగు అలా కాదు, మనిషిని ఆహారంగా చూసి నెమ్మదిగా వెంబడిస్తుంది. పెద్ద మగది 400 కిలోలు దాటుతుంది, గంటకు 40 కిలోమీటర్ల దాకా పరుగెత్తుతుంది. అందుకే పరుగెత్తకండి. చిన్నప్పుడు చదివిన ఇద్దరు స్నేహితుల కథ గుర్తొచ్చి ఊపిరి బిగబట్టి పడుకోకండి. ఎదురుగా కనిపిస్తే దాని మీద నుంచి చూపు తిప్పకుండా మెల్లగా వెనక్కి తలుపు వైపు నడవండి. మీద పడితే చేతికి ఏది దొరికితే దానితో కొట్టండి.

చలికాలంలో ఎలుగు కనబడకపోయినా సంగతి అదే. విండ్ చిల్, అంటే గాలితో కలిపి ఒంటికి తగిలే చలి, మైనస్ 40 దాటితే బయటున్న చర్మం 5 నుంచి 10 నిమిషాల్లో గడ్డకడుతుంది. తలుపు వెనక లాక్ పడిందంటే మీ ‘రెండు నిమిషాలు’ ఎంతవుతాయో మీరే లెక్కేసుకోండి.

ఇక వరసగా చెప్పేస్తా.

తుపాకీతో కాపలా ఉండే బేర్ మానిటర్ లేకుండా బయటికి వద్దు. తలుపు కొంచెం తీసి, ముందు మూలలు చూడండి. డోమ్ కనిపిస్తోందిగా, దారి తప్పనులే అనుకోకండి. పొగమంచు కమ్మిందంటే గుట్ట మీద ఉన్న డోమే ముందు మాయమవుతుంది. దిక్సూచిని అసలు నమ్మకండి, అయస్కాంత ధ్రువం దగ్గర్లో అది సరిగ్గా చూపదు. ఎలుగు మీద కొట్టే కారపు బేర్ స్ప్రే జేబులో పెట్టుకోండి, కానీ ఎదురుగాలిలో కొడితే మీ కళ్లలోనే పడుతుంది. కాటన్ జీన్స్ వద్దు. పాత డ్రమ్ములు, చెత్తగుంతలు తాకొద్దు. 1950ల నాటి డ్యూ లైన్ (సోవియట్ దాడిని ముందే పసిగట్టే రాడార్ల వరస) రోజుల్లో ఈ సైట్లలో పీసీబీ రసాయనాల లాంటి విషాలు పారేశారు. కంచె దాటొద్దు, అడగకుండా ఫొటో తీయొద్దు, అది మిలిటరీ జాగా. చేపల పులుసు గిన్నె బయట చల్లార్చొద్దు. చెత్త రాత్రి పారేయొద్దు. ఒంటరిగా వెళ్లొద్దు, మళ్లీ చెప్తున్నా, ఒంటరిగా వెళ్లొద్దు. సిగరెట్ మానలేనివాళ్లు మానిటర్‌కు రేడియోలో చెప్పి, అతను వచ్చి తలుపు తట్టాకే లేవండి.