వర్డ్‌లో పెద్ద డాక్యుమెంట్: కావలసిన చోటికి వెంటనే వెళ్లలేకపోతే

ఈ చిట్కాలు విండోస్‌లో మైక్రోసాఫ్ట్ వర్డ్ వాడేవాళ్ల కోసం.

సమస్య: నావిగేషన్ పేన్ ఖాళీగా ఉంది

కంట్రోల్+ఎఫ్ కొడితే పక్కన తెరుచుకునే పట్టీయే నావిగేషన్ పేన్. అందులో హెడింగ్స్ ట్యాబ్ చూస్తే ఒక్క శీర్షికా ఉండదు. పేజీలో మాత్రం అన్నీ బోల్డ్‌లో, పెద్ద అక్షరాల్లో ఉంటాయి. చిక్కంతా అక్కడే. అక్షరాన్ని ఎంత లావు చేసినా వర్డ్‌కు అది మామూలు పేరానే. అది చూసేది స్టైల్‌ని, అంటే ‘హెడింగ్ 1’ లాంటి పేరుతో పేరాకు ఇచ్చే రూపాన్ని.

శీర్షిక మీద కర్సర్ పెట్టి కంట్రోల్+ఆల్ట్+1 కొట్టండి, హెడింగ్ 1 స్టైల్ వస్తుంది. ఉపశీర్షికకు 2, దాని కిందిదానికి 3. శీర్షికలు చాలా ఉంటే ఒకదాన్ని సెలెక్ట్ చేసి, హోమ్ ట్యాబ్ చివరనున్న సెలెక్ట్ మెనూలో ‘సిమిలర్ ఫార్మాటింగ్’ అని ఉన్నదాన్ని నొక్కండి. అలాంటివన్నీ ఒకేసారి ఎంపికవుతాయి, అప్పుడు హెడింగ్ 1 ఇవ్వండి. పేరాల మధ్య అదే సైజు బోల్డ్ మాటలుంటే అవీ కలిసిపోతాయి, ముందే ఓసారి చూసుకోండి. రంగు, ఫాంట్ మారిపోయాయని స్టైల్ తీసేయకండి. హోమ్ ట్యాబ్‌లోని స్టైల్స్‌లో హెడింగ్ 1 మీద రైట్ క్లిక్ చేసి మాడిఫైలో సరిచేస్తే అన్నిటికీ వర్తిస్తుంది.

కొన్నే కనబడకపోతే అవి టేబుల్‌లోనో టెక్స్ట్ బాక్స్‌లోనో ఉన్నట్టు. బయటికి తెచ్చి పెట్టండి. పేన్‌లో పేరా మొత్తం కనబడుతుంటే ఆ పేరాలో కర్సర్ పెట్టి కంట్రోల్+షిఫ్ట్+ఎన్ కొట్టండి, మామూలు పేరా అవుతుంది.

సమస్య: కంట్రోల్+పేజ్ డౌన్ తర్వాతి పేజీకి వెళ్లడం లేదు

అంతకుముందు ఏదో వెతికారు. అప్పటినుంచి ఆ మీట తర్వాతి పేజీకి బదులు ఆ మాట మళ్లీ ఎక్కడుందో అక్కడికి దూకుతుంది. కంట్రోల్+జి కొట్టి, పేజ్ ఎంచుకుని, ఏదో ఒక పేజీ నంబరుకు వెళ్లి మూసేయండి. పాత పద్ధతికి వస్తుంది.

సమస్య: 5వ పేజీ అడిగితే ఇంకోచోటికి పోతోంది

డాక్యుమెంట్‌ను సెక్షన్లుగా, అంటే విడి భాగాలుగా విడగొట్టి, సెక్షన్ మారినప్పుడల్లా పేజీ నంబర్లు మళ్లీ 1 నుంచి మొదలైతే ఇంతే. 3వ సెక్షన్‌లో 5వ పేజీ కావాలంటే కంట్రోల్+జితో వచ్చే గో టు పెట్టెలో ఇంగ్లీషు అక్షరాలతో పి5ఎస్3 (p5s3) అని కొట్టండి.

సమస్య: ఇందాక దిద్దిన చోటు తప్పిపోయింది

షిఫ్ట్+ఎఫ్5. మళ్లీ మళ్లీ కొడితే చివరగా దిద్దిన మూడు చోట్లా తిరుగుతుంది. కొన్ని ల్యాప్‌టాప్‌లలో ఎఫ్ఎన్ మీట కూడా కలిపి నొక్కాలి.

సమస్య: కళ్లెదుటే ఉన్న తెలుగు మాట వెతికితే దొరకదు

ఆ మాటను సెలెక్ట్ చేసి ఫాంట్‌ను నిర్మలా యూఐకి మార్చి చూడండి. ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ బయటపడితే అది యూనికోడ్ (ప్రతి తెలుగు అక్షరానికీ సొంత సంకేతం ఉండే పద్ధతి) కాని పాత ఫాంట్‌లో టైపు చేసినది. కంట్రోల్+జెడ్‌తో వెనక్కి తెచ్చి, ఆ ఫాంట్‌కు సరిపోయే కన్వర్టర్‌తో ఫైలు కాపీని యూనికోడ్‌లోకి మార్చండి. అంతవరకూ ఆ ఫైల్లో తెలుగు వెతుకులాట సాగదు.