అబద్ధ ప్రవక్తా కాదా అని బావతో వాదించాలంటే

మా నర్సాపురం వైపు క్రిస్మస్‌కి చుట్టాలందరూ చేరితే భోజనాలయ్యాక అరుగు మీద ఈ గొడవ ఖాయమండి. పోయినసారి జోసెఫ్ స్మిత్ మీద పడింది, అదే అమెరికాలో 1830లో మోర్మన్లనే మత సంఘం పెట్టినాయన, మా బావ అబద్ధ ప్రవక్త అని తేల్చేశాడు, ఎందుకు బావా అంటే మాత్రం ఎటకారం తప్ప జవాబు లేదు.

ముందు ఏ కొలబద్దో ఒప్పించుకోండి. బైబిల్లో ద్వితీయోపదేశకాండం 18 ప్రకారం చెప్పింది జరగకపోతే అది దేవుడి మాట కాదు, 13వ అధ్యాయమేమో జరిగినా సరే వేరే దేవుళ్ల వైపు తిప్పితే వినొద్దంటుంది, మత్తయి 7 ఫలాల్ని చూడమంటుంది. ఇవి మూడూ వేరు, ఒకదాంట్లో ఓడితే ఇంకోదాంట్లోకి దూకేస్తారు మనోళ్లు.

తర్వాత ఆయన చెప్పినవి తేదీలతో సహా ముందు పెట్టుకోండి, తగిలినవీ తగలనివీ రెండూ. 1832 క్రిస్మస్ రోజునే స్మిత్, సౌత్ కరోలినాలో మొదలై ఉత్తరాదికీ దక్షిణాదికీ యుద్ధం వస్తుందన్నాడు, 1861లో అక్కడే మొదలైంది. కాకపోతే 1832లోనే ఆ రాష్ట్రం పన్నుల మీద తిరగబడి నానా గొడవా నడుస్తోంది, కాబట్టి జూలైలో గోదారికి ఎర్రనీళ్లొస్తాయని చెప్పడం లాంటిదా కాదా అన్నదే అసలు పాయింటు. అదే ఏడాది మిస్సోరిలో ఈ తరంలోనే దేవాలయం లేస్తుందన్నాడు, లేవలేదు. శత్రువులు అడ్డుపడితే దేవుడు ఆ పని వదిలేయమంటాడని స్మిత్‌దే 1841 నాటి ఇంకో ప్రకటన చూపిస్తారు మోర్మన్లు. సాకు అని నవ్వే ముందు బైబిల్లో యోనా ప్రవక్తని తలుచుకోండి, నలభై రోజుల్లో నీనెవె నాశనం అన్నాడు, అయిందా? బావ ఇక్కడే దొరికాడు, ఆ ఊరోళ్లు మారుమనస్సు పొందారు కదరా అన్నాడు, అదీ నిజమే, ఆ తేడా మీద గంట లాగొచ్చు.

నన్నడిగితే జోస్యాలకన్నా చేతికి దొరికే ఆధారం గట్టిది. 1835లో మమ్మీలతో పాటు కొన్న ఈజిప్టు పపైరస్ రాతచుట్టల నుంచి అబ్రాహాము గ్రంథం అనువదించానన్నాడు, వాటి ముక్కలు కొన్ని 1967లో న్యూయార్క్ మ్యూజియం నుంచి బయటికొచ్చాయి, ఆ లిపి తెలిసినోళ్లు చదివితే శవంతో పెట్టే మంత్రాలు. వాటిలో అబ్రాహాము పేరు లేదని 2014లో సంఘమే ఒప్పుకుంది, పోయిన చుట్టల్లో ఉండొచ్చు అనేవాళ్లు ఇంకా ఉన్నారనుకోండి.

ఆ మతం వాళ్లే ఎదురుగా కూర్చుంటే మాత్రం అబద్ధ అన్న మాటే వాడకండి, మీరెందుకు నమ్మారండీ అని అడిగి చివరిదాకా వినండి.

స్మిత్ చాలామందిని పెళ్లాడిన సంగతి ఆఖర్న ఎత్తండి, ముందే ఎత్తితే ఇంకేదీ మిగలదు. మేం ఎత్తాం, లోపల్నుంచి మా అక్క వింది, ఆ సాయంత్రం అరుగు మీదకి టీ రాలేదు.