సూపర్‌కెపాసిటర్ ఎలక్ట్రోడ్: ముందు తేమ, తర్వాతే తూకం

మా నాన్నగారు గుంటూరు యార్డుకు మిర్చి తెస్తే, కొనేవారు ముందు కాయను పిడికిట్లో నొక్కి తేమ చూసేవారు. ఇప్పుడు ఇదే ఊళ్లో రసాయనశాస్త్రం బోధిస్తున్న నేను, సూపర్‌కెపాసిటర్ (విద్యుత్తును నిల్వచేసి వేగంగా తిరిగి ఇచ్చే పరికరం) ఎలక్ట్రోడ్ తయారుచేసే ఎం.ఎస్సీ. విద్యార్థులకు మొదట చెప్పేదీ తేమ సంగతే.

2005లో రసాయనవేత్త ఒమర్ యాఘీ బృందం చేసిన తొలి సేంద్రియ చట్రాలు (సీఓఎఫ్‌లు, అంటే కర్బన అణువులను గట్టి బంధాలతో వలలా అల్లిన పదార్థాలు) బోరాన్ బంధాలతో అల్లినవి. అవి నీటికి తట్టుకోలేవు. 2013లో మరో రసాయనవేత్త విలియం డిక్టెల్ బృందం డయామినో ఆంత్రాక్వినోన్‌ను ట్రైఫార్మైల్‌ఫ్లోరోగ్లూసినాల్‌తో కలిపి అల్లిన చట్రం ఆమ్లంలోనూ నిలుస్తుంది. అందులోని ప్రతి క్వినోన్ (ఆంత్రాక్వినోన్ భాగం) రెండు ఎలక్ట్రాన్లను, రెండు ప్రోటాన్లను పుచ్చుకుని తిరిగి ఇస్తుంది. విద్యుత్తు నిల్వకు నేను దీన్నే ఎంచుకుంటాను.

అయితే చట్రం నిండా రంధ్రాలే కాబట్టి గాలిలోని తేమను ఇట్టే పీల్చుకుంటుంది. మన వర్షాకాలంలో సీసా మూత తీసి ఉంచితే చాలు. అందుకే పొడిని వాక్యూమ్ ఓవెన్‌లో 120 డిగ్రీల వద్ద రాత్రంతా ఉంచి, డెసికేటర్‌లో (తేమ చేరనివ్వని మూత పాత్రలో) చల్లార్చి, వెంటనే తూచండి. ఎలక్ట్రోడ్‌కు ఆధారంగా వాడే కార్బన్ గుడ్డ ముక్కను కూడా పూత పూయకముందే అలాగే ఆరబెట్టి తూచాలి. ఇది చాలామంది మరచిపోతారు.

పొడి 8 పాళ్లు, కార్బన్ బ్లాక్ (విద్యుత్తును ప్రసరింపజేసే నల్లని కార్బన్ పొడి) 1, పీవీడీఎఫ్ బైండర్ (పొడిని అతికించి ఉంచే పాలిమర్) 1 చొప్పున తీసుకుని, కొద్దిగా ఎన్‌ఎంపీ ద్రావణి పోసి కల్వంలో పలచని దోసెపిండిలా నూరండి. చేతి తొడుగులు, ఫ్యూమ్ హుడ్ తప్పనిసరి. ఈ చట్రం విద్యుత్తును సరిగా ప్రసరింపజేయదు కనుక పూత పలచగా ఉండాలి. సైక్లిక్ వోల్టామెట్రీ (వోల్టేజీని పెంచుతూ తగ్గిస్తూ కరెంటును కొలిచే పరీక్ష) గీత బాగా ఒరిగిపోతే కార్బన్ పాలు పెంచండి. పూత పూశాక 80 డిగ్రీల వద్ద వాక్యూమ్‌లో ఆరబెట్టి మళ్లీ తూచండి. పెరిగిన బరువులో పది పాళ్లకు ఎనిమిదే చట్రం.

1 మోలార్ సల్ఫ్యూరిక్ ఆమ్లంలో మూడు ఎలక్ట్రోడ్ల పద్ధతిలో 1 మిల్లీఆంపియర్ వద్ద డిశ్చార్జి చేశారనుకుందాం. చట్రం 2 మిల్లీగ్రాములు, వోల్టేజీ మార్పు 0.6 వోల్టులు, పట్టిన కాలం 60 సెకన్లు అయితే, కరెంటును కాలంతో గుణించి బరువుతోనూ వోల్టేజీ మార్పుతోనూ భాగిస్తే నిల్వ సామర్థ్యం గ్రాముకు 50 ఫారడ్‌లు వస్తుంది. తడి గుడ్డను తూచి, ఆ 2 మిల్లీగ్రాములనే 1.8గా లెక్కించారో, అదే ఎలక్ట్రోడ్ 56 చూపిస్తుంది! మీ తక్కెడ 0.1 మిల్లీగ్రాము వరకే చూపేదైతే 1 మిల్లీగ్రాము పూతను నమ్మవద్దు. ఎక్కువ వైశాల్యంలో పూసి 4 మిల్లీగ్రాములకు పెంచండి.

చట్రం లేకుండా కార్బన్ బ్లాక్, బైండర్ మాత్రమే పూసిన గుడ్డను కూడా ఇవే షరతుల్లో పరీక్షించండి. ఆ నిల్వను మొత్తంలోంచి తీసేశాకే ఫలితాన్ని నోటుబుక్కులో రాయండి.